గీతలు దాచనివాడు

ఫిబ్రవరి 5, బుధవారం

అక్క నా కళ్ళజోళ్ళ షాపుకొచ్చింది. కళ్ళు చూపించుకోవాలంది. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టాను. కింది వరుస దాకా గడగడా చదివేసింది. పోయినసారి కంటే పావు పాయింటు కూడా మారలేదు. మరి ఎందుకొచ్చావంటే తలుపు దగ్గరగా వేసి రమ్మంది.

అక్కకి వాచీ కావాలట.

అక్క నర్సు. సర్వీసంతా ఆపరేషన్ థియేటర్‌లోనే గడిచింది. అక్కడ చేతికి ఏదీ ఉండకూడదు. ఈమధ్యే హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చింది. ఇక థియేటర్ డ్యూటీ లేదు. చెయ్యి బోసిగా ఉందిరా, ఇప్పుడు పెట్టుకున్నా అనేవాళ్ళెవరూ లేరు అంది. ఏ వాచీ కావాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకుందట. పెద్ద సర్జన్ ఒకాయన ఆపరేషన్‌కి ముందు తన వాచీ విప్పి అక్కకిచ్చేవాడు. నీలం డయల్, సన్నటి ముళ్ళు. అది అక్క జేబులో ఉండేది. లోపల ఎంత గొడవ జరుగుతున్నా జేబులో అది తన పని తాను చేసుకుపోతుంటే ధైర్యంగా ఉండేదట.

ఆ మోడల్ కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు దొరికితే ఆన్‌లైన్ వేలంలోనే దొరకాలి. అక్కడ ఎవడు దొంగో ఎవడు దొరో నువ్వు చూసి చెప్పేస్తావటగా, నువ్వు సరేనంటే కొంటాను, వద్దంటే మానేస్తాను అంది. ఎవరికీ చెప్పొద్దంది. బావ నవ్వుతాడట. ఈ వయసులో అంత ఖరీదు వాచీ ఎందుకని పిల్లలు అంటారట. చేతికొచ్చాకే చూపిస్తుందట. చిన్నపిల్లలా ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ కళ్ళజోడు తుడిపించుకుంది. ఫీజు మాత్రం ఇవ్వలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మామూలుగానే పెద్దముల్లు ఇంట్లో కూర్చున్నాం. వాడు నిచ్చెనంత పొడుగు, ఒక్కచోట నిలవడు. నేను పొట్టి, నెమ్మది. మా వాచీల గ్రూపులో ఎవరో వాడికి పెద్దముల్లు, నాకు చిన్నముల్లు అని పేర్లు పెట్టారు. అవే అతుక్కుపోయాయి. ఆదివారమైతే వాడి భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పాత వాచీలు విప్పుతాం, మళ్ళీ బిగిస్తాం. బిగించాక ఒక స్క్రూ మిగులుతుంది. మళ్ళీ విప్పుతాం. మా ఆవిడ వాడిని నా పెద్ద పెళ్ళాం అంటుంది.

వాడిది లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఊళ్ళో సగం మంది వాడు చూసి సరేనన్న తాడు మీద నమ్మకంతో పైకెళ్ళి కిందికొస్తుంటారు.

నా సంగతీ అలాంటిదే. గ్రూపులో ఎవరికైనా వేలంలో వాచీ నచ్చితే ముందు లింకు నాకు పంపుతారు. నేను చూసి తీసుకోవచ్చు అనో వద్దు అనో ఒక్కమాట రాస్తాను. ఇంతవరకు నా మాట తప్పలేదు. గ్రూపులో ఈ మాట అంటే కోతలంటారు. ఇక్కడ రాసుకుంటే ఎవడికి నొప్పి.

అక్క విషయం వాడికి చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఒట్టు గుర్తొచ్చి ఆగాను. ఆ నీలం డయల్ నాకే కావాలని చెప్పాను. వాడికి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. టీ తాగినంతసేపూ వాడి మొహం చూడలేకపోయాను. అదే మోడల్ వాడి దగ్గర ఒకటుంది, లోపలి మిషన్ పాడైపోయి ముళ్ళు కదలవు. డ్రాయర్‌లోంచి తీసి చూపించాడు. నడిచేది దొరికితే నువ్వు రాజువిరా అన్నాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వేలం సైట్లన్నీ జల్లెడ పడుతున్నాను. ఒకడు నిన్నటిదాకా పిల్లల బొమ్మలు, సైకిల్ సీట్లు అమ్మాడు. ఇవాళ ఉన్నట్టుండి నీలం డయల్ పెట్టాడు. అకౌంట్ ఎవరిదో కొట్టేసి ఉంటాడు. ఇంకొకడివి ఫోటోలన్నీ కేటలాగ్ ఫోటోలే. ఇంకో మహానుభావుడు వాచీ ముందువైపు మాత్రమే చూపిస్తాడు, వెనక్కి తిప్పమంటే రెండ్రోజులు మాయమైపోతాడు.

ఒకావిడైతే అది వాళ్ళాయన గుర్తు అని, చూస్తే తట్టుకోలేక అమ్ముతున్నానని అర పేజీ ఏడ్చింది. అంత ఏడుపున్నచోట నేను నిలబడను. అమ్మడానికి కారణం ఎంత బాగుంటే నాకు అంత అనుమానం. ఎందుకు అమ్ముతున్నావంటే కసురుకునేవాడే నయం. ఈ సంగతి గ్రూపులో ఎప్పుడూ రాయలేదు. రాస్తే రేపటినుంచి అందరూ కసురుకోవడం మొదలెడతారు. పెద్దముల్లుకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

దొరికిందా అని అక్క మెసేజ్. దొరకలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

దొరికినట్టే ఉంది. ఇన్ని రోజులూ నా కంటపడలేదెందుకో.

ఫోటోల్లో సగం వాచీవి, సగం దాని గీతలవి. మూత అంచున లోతైన గీత, గాజు మీద వెంట్రుకంత గీత, చైను కొక్కెం దగ్గర అరుగుదల. ఒక్కోదాన్ని దగ్గరగా తీసి ఎర్ర బాణం గుర్తు పెట్టాడు. పెట్టె లేదు, బిల్లు లేదు అని మొదటి లైన్‌లోనే రాశాడు. గీతలు దాచేవాడు లోపల మిషన్ కూడా దాస్తాడని గ్రూపులో వాళ్ళ చెవులు చిల్లులు పడేలా చెప్పాను. వీడు మూత తెరిచి మిషన్ కూడా చూపించాడు, నెంబరు చదవగలిగేంత స్పష్టంగా. ఆ మోడల్‌కి ఉండాల్సిన నెంబరే. నీళ్ళు దూరకుండా కొత్త సీల్ కూడా వేయించాడట. అకౌంట్ పాతది. అమ్మినవన్నీ వాచీ బెల్టులు, వాచీ అద్దాలు, పనిముట్లు. కొన్నవాళ్ళెవరూ తిట్టలేదు.

ఎందుకు అమ్ముతున్నారని మెసేజ్ పెట్టాను. మీకెందుకు, కావాలంటే కొనండి లేకపోతే మానండి అని జవాబొచ్చింది. తెగ నచ్చేశాడు. మొండిఘటం అని పేరు పెట్టుకున్నాను.

పెద్దముల్లు లిఫ్టు పని మీద వేరే ఊరెళ్ళాడు. ఆదివారం బోసిపోయింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

మా గ్రూపులో ఒక పద్ధతుంది. వాచీ నిజంగా అమ్మేవాడి చేతిలో ఉందో లేదో తెలియాలంటే, ముళ్ళు మనం చెప్పిన టైముకి పెట్టి, పక్కన మన పేరు రాసిన చీటీ పెట్టి ఫోటో తీయమంటాం. ఏడూ ఇరవైకి పెట్టమన్నాను. చిన్నముల్లు అని రాయమన్నాను. ఇలాంటి వేషాలు నాకు నచ్చవని తిట్టి మరీ పంపాడు. రాత కోడి గెలికినట్టుంది. టైము సరిగ్గా ఉంది, గీతలు వాటి చోట అవి ఉన్నాయి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎంత తెలిసినవాడైనా రెండో మనిషికి చూపించకుండా వేలం పాట పాడకూడదు. నాకు రెండో మనిషి ఎప్పుడూ పెద్దముల్లే. లింకు పంపాను. ఫోన్ చేసి వద్దన్నాడు. వీడెవడో మరీ పద్ధతిగా ఉన్నాడు, నాకెందుకో తేడా కొడుతోంది అన్నాడు. పద్ధతిగా ఉండడం ఎప్పట్నుంచి తప్పయిందిరా అన్నాను. వాడొక్కో అనుమానం చెప్పడం, నేను దాన్ని కొట్టిపారేయడం. మొండిఘటం తరఫున ప్లీడరులా వాదించాను. సరే నీ ఇష్టం, తర్వాత నన్ననొద్దు అని పెట్టేశాడు.

అసూయేమో. వాడి నీలం డయల్ నడవదు కదా.

ఫిబ్రవరి 20, గురువారం, సాయంత్రం 6:40

వేలం ముగియబోతోంది. కుర్చీలో ఒకాయన టెస్టింగ్ ఫ్రేమ్ పెట్టుకుని ఇది బాగుందా అది బాగుందా చెప్పమంటే తెగ ఆలోచిస్తున్నాడు. త్వరగా చెప్పవయ్యా బాబూ.

6:55

మనదే. ఆయనకి ఏ అద్దం పెట్టానో గుర్తులేదు. రేపు మళ్ళీ రమ్మన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

పార్సిల్ వచ్చింది. ఎక్కడో దూరపు ఊరినుంచి. దూదిలో చుట్టి పంపాడు, మనిషి మొరటైనా పని శుభ్రం. లూప్, అదే వాచీలవాళ్ళ భూతద్దం, కంటికి పెట్టుకుని చూశాను. ఫోటోలో ఏ గీత ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంది. కొత్త గీత ఒక్కటీ లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే గువ్వపిట్ట గుండెలా కొట్టుకుంటోంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నన్నెప్పుడైనా అలా విన్నారా అంది. నాకు కొనుక్కున్నాననుకుని మొహం మాడ్చుకుంది. ఒట్టు కదా, నోరు మూసుకున్నాను.

మార్చి 2, ఆదివారం

పెద్దముల్లుకి చూపించాను. చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. నేను పొరబడ్డాను, మంచిదే కొన్నావు అన్నాడు. వాడు పొరబడ్డానని ఒప్పుకోవడం ఎప్పుడూ వినలేదు. ఛాతీ అంగుళం పెరిగింది.

మూత తెరిచి ఒకసారి మిషన్ చూద్దామని ఓపెనర్ తీశాను. వాడు చెయ్యి పట్టుకున్నాడు. కొత్త సీల్ అన్నాడు కదా, తెరిస్తే మళ్ళీ గట్టిగా కూర్చోదు, ఫోటోలో చూసిందేగా అన్నాడు. నిజమే, సీల్ కదపొద్దని గ్రూపులో చెప్పేవాడిని నేనే. ఓపెనర్ పక్కన పెట్టాను. అక్కడే కూర్చుని వేలం సైట్‌లో సరుకు బాగుంది అన్న బటన్ నొక్కేశాను. దాంతో మొండిఘటానికి డబ్బు వెళ్ళిపోతుంది, లెక్క తేలిపోతుంది.

మార్చి 4, మంగళవారం

అక్కకిచ్చాను. షాపు వెనక గదిలో చేతికి పెట్టుకుంది. చైను వదులైతే రెండు లింకులు తీశాను. మణికట్టు మీద ఎన్నేళ్ళ సబ్బు నీళ్ళో, చర్మం నలిగిన కాగితంలా ఉంది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అదే చప్పుడురా అంది. నాకు గర్వంగా అనిపించింది. ఈ చూపు ఇన్నాళ్ళకి ఇంట్లోవాళ్ళకి పనికొచ్చింది.

మార్చి 22, శనివారం

అక్క వాచీ గాజు లోపల ఆవిరి పట్టింది. చేతులు కడుక్కున్నప్పుడు నీళ్ళు దూరినట్టున్నాయి. రోజూ వెనకబడుతోంది కూడా అంది. నిన్న రౌండ్స్‌కి ఆలస్యంగా వెళ్ళిందట. ఇన్నేళ్ళ సర్వీసులో అక్క ఆలస్యంగా వెళ్ళడం అదే మొదటిసారట.

తప్పంతా తనదే అన్నట్టు మాట్లాడుతోంది. కడుక్కునేముందు తీసి ఉండాల్సిందిరా అంటోంది. వాచీ నా దగ్గర వదిలి వెళ్ళింది.

మార్చి 23, ఆదివారం

నా వాచీలో ఆవిరి పట్టిందని పెద్దముల్లుతో అన్నాను. వాడు కుర్చీలోంచి లేచాడు. నువ్వు దాన్నెందుకు తడిపావు అన్నాడు. చేతికి పెట్టుకున్నావా అన్నాడు. వాచీ చేతికి కాక చెవికి పెట్టుకుంటారా అన్నాను. ఇలా ఇచ్చెయ్, నువ్వు ముట్టుకోకు, ఆరబెట్టి నేనే బిగించి ఇస్తాను అన్నాడు. తీసుకురాలేదన్నాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఫర్వాలేదులేరా అన్నా వినడు. ఇంటికొచ్చేలోపు రెండుసార్లు ఫోన్ చేశాడు.

వాడికి నా వస్తువంటే ఎంత శ్రద్ధ అనుకున్నాను. (మార్చి 25న చేర్చింది: ఈ లైన్ కొట్టేయకుండా ఉంచుతున్నాను.)

మార్చి 24, సోమవారం

తెరిచాను.

మార్చి 25, మంగళవారం

నిన్న అంతకుమించి రాయలేకపోయాను.

లోపలున్నది ఫోటోలో మిషన్ కాదు. అదే కంపెనీది, అదే సైజు, కానీ చవకరకం. అంతవరకైతే మొండిఘటం టోపీ పెట్టాడనుకుని ఊరుకునేవాణ్ణి. తిట్టుకునేవాణ్ణి. నాలుగు రోజులకి మరిచిపోయేవాణ్ణి.

ఆ మిషన్ నాకు తెలుసు. దాని పై పలక మీద, మధ్య స్క్రూ పక్కన, కొడవలిలా వంకర గీత ఉంది. ఆ గీత నేను గీసిందే. విప్పడం నేర్చుకునే రోజుల్లో స్క్రూడ్రైవర్ జారింది. పెద్దముల్లు పడీపడీ నవ్వాడు. ఇదిగో నీ సంతకం అన్నాడు. మేమిద్దరం ఆ మిషన్ మీదే నేర్చుకున్నాం. ఎన్ని ఆదివారాలు దాన్ని విప్పామో, బిగించామో. అది వాడి డ్రాయర్‌లోనే ఉండేది.

లూప్ పెట్టుకుని మళ్ళీ చూశాను. తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాను. ఆ గీత ఎక్కడికీ పోలేదు.

మధ్యాహ్నం

మొండిఘటం పేజీ మళ్ళీ చదివాను. మొదట పెట్టె లేదని చెప్పమంటాను నేను. చెప్పాడు. గీతలు దగ్గరగా తీయమంటాను. తీశాడు. మిషన్ నెంబరు కనపడాలంటాను. కనపడేలా పెట్టాడు. నేను ఏ వరుసలో చూస్తానో ఆ వరుసలోనే ఫోటోలు. వాచీ అమ్మకానికి పెట్టిన తేదీ ఫిబ్రవరి 10. నీలం డయల్ కావాలని నేను వాడితో అన్న మర్నాడు.

మీకెందుకు అని కసురుకోవడం. ఆ ఒక్కటీ వాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు. నా మనసులో మాట తీసుకెళ్ళి నా మీదే వాడాడు. కోడి గెలికినట్టు చిన్నముల్లు అని ఎడమచేత్తో రాసి ఉంటాడు. రాసేటప్పుడు వాడికి ఏమనిపించిందో.

మార్చి 27, గురువారం

ఒకావిడ నిన్న తీసుకెళ్ళిన కళ్ళజోడు తిరిగి తెచ్చింది. మెట్లు వంకరగా కనపడుతున్నాయంది. చూస్తే అద్దం కోణం తప్పుగా రాశాను. ఇన్నేళ్ళలో ఇలాంటిది జరగలేదు. క్షమించండమ్మా అన్నాను. ఆవిడ మంచిది, ఫర్వాలేదంది. కౌంటర్ కిందకి వంగి కాసేపు అలాగే కూర్చున్నాను.

వాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. వాచీ ఇచ్చెయ్, ఆరబెడతాను అని మెసేజ్‌లు. చివర నవ్వు మొహం బొమ్మ.

వద్దని చెప్పింది కూడా వాడే. అది గొంతులో ముల్లులా దిగి ఊరుకోవడం లేదు. వద్దంటే నేను ఇంకా మొండికేస్తానని తెలిసి అన్నాడా. లేక నిజంగానే ఆపాలని చూశాడా. మొదటిదైతే వాణ్ణి ద్వేషించడం తేలిక.

మార్చి 30, ఆదివారం

వెళ్ళాను. తెల్లగుడ్డ పరిచే ఉంది. టీ పెట్టాడు. నేను మిషన్ తీసి గుడ్డ మధ్యలో పెట్టాను. గీత పైకి కనపడేలా.

వాడు దాన్ని చూశాడు. నన్ను చూడలేదు. నేను వద్దన్నాను కదరా అన్నాడు. మొదటి మాట అదే. తెరవబోతే చెయ్యి పట్టుకుంది ఎవరన్నాను. నువ్వు వింటావనుకోలేదన్నాడు. జనవరిలో లిఫ్టు పని మీద వెళ్ళిన ఊళ్ళో ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఈ వాచీ చవగ్గా దొరికిందట. దాని మిషన్ తీసి తన చచ్చిపోయిన వాచీలో వేసుకున్నాడట. మిగిలిన డొల్లలో మా పాత మిషన్ వేశాడట. ఆ అకౌంట్ కూడా వాడిదేనట, పార్సిల్ ఆ ఊళ్ళో తెలిసినవాడితో వేయించాడట. ఎవరో ఒకరు కొనుక్కుంటారనుకున్నా అన్నాడు. ఎవరో ఒకరికైతే నేను చెప్పిన మర్నాడే ఎందుకు పెట్టావన్నాను.

వాడి చేతికి నీలం డయల్ ఉంది. అప్పటిదాకా చూడలేదు. నడుస్తోంది.

నాకెందుకు అమ్మావురా అని అడిగాను. నువ్వు వాచీలు పెట్టుకోవు కదా, పెట్టెలో పెట్టి చూసుకుంటావు, నీకెప్పటికీ తెలిసేది కాదు అన్నాడు. అంటే లెక్క వేశాడు. ఎవరికి అంటగడితే బయటపడదో కూర్చుని లెక్క వేస్తే, ఆ లెక్కలో నేను తేలాను.

అప్పుడు చెప్పాను, అది అక్క కోసమని. వాడి మొహంలో రంగు పోయింది. అక్క వాడికి కూడా అక్కే. వాళ్ళమ్మ ఆపరేషన్‌కి లోపల వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది అక్కే. అక్కకని తెలిస్తే చచ్చినా చేసేవాణ్ణి కాదురా అన్నాడు. నీకే అనుకున్నా అన్నాడు.

నన్ను ఓదార్చడానికి అన్నాడు ఆ మాట. వాడి దృష్టిలో అది ఓదార్పే. నేను మిషన్ జేబులో వేసుకుని వచ్చేశాను. మెట్లు దిగి వచ్చాను, లిఫ్టు ఎక్కలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

అక్కకి చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. అక్క తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు చూసే కదరా సరేనన్నావు అంది, అంతే. నిలదీసినట్టు కాదు, అర్థం కాక అడిగినట్టు అడిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత, అసలు మిషన్ ఇంకా ఉందా అని అడిగింది. వాడి చేతి వాచీలో ఉందన్నాను. మరైతే ఇంకేం, తెచ్చుకుందాం అంది. వాడి గుమ్మం తొక్కనన్నాను. నువ్వు తొక్కకు, నేను వెళ్తాను అంది. మీ మగాళ్ళ అలకలతో నాకు పని లేదు, నాకు నా వాచీ కావాలి అంది.

అక్క మాటల్లో వాడి మీద కోపం నాకు వినపడలేదు. అది నాకు నచ్చలేదు. నా తరఫున కోప్పడుతుందనుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

అక్క డ్యూటీ దిగి యూనిఫాంలోనే వాడింటికెళ్ళింది. అక్కణ్నుంచి మా ఇంటికొచ్చింది. ఇంజెక్షన్ సీసాల చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది, దూదిలో మిషన్.

వాడు చేతికున్న వాచీ తీసి, అక్క ముందే తెరిచి ఇచ్చాడట. స్క్రూ పట్టుకోలేకపోయాడట. ఏడ్చాడట. వాణ్ణి ఒక్కసారి రమ్మనక్కా అన్నాడట. పాపం అనిపించిందిరా అంది అక్క. పాపమా అన్నాను. ఎవరిది పాపం. నా ముందు వాడు ఒక్క చుక్క కార్చలేదు.

మిషన్ బల్ల మీద పెట్టి లూప్ పెట్టుకున్నాను. నెంబరు చూశాను. ఫోటోలో నెంబరే. పలకలు శుభ్రంగా ఉన్నాయి, స్క్రూలు కంపెనీవే, అరుగుదల ఎంత ఉండాలో అంతే. వేరే ఎవరైనా తెచ్చి ఉంటే అక్కడికక్కడే తీసుకోవచ్చు అని రాసేవాణ్ణి. అక్క ఎదురుగా కూర్చుంది, చెయ్యి బల్ల మీద చాపి. వాచీ ఉండే చోట తెల్లటి చార. ఇది అసలుదేనా అని అడిగింది. అవుననో కాదనో ఒక్కమాట చాలు.

నెంబరు సరిపోయింది. కానీ ఏ ఫోటోతో సరిపోయింది. వాడు తీసిన ఫోటోతో. వాడు చూపించిన నెంబరుతో. నెంబరు చెక్కడం వాడికి రాదా. మళ్ళీ చూశాను. మూడోసారి చూశాను. బాగున్న ప్రతిదీ బాగున్నందుకే అనుమానంగా ఉంది. అక్క వెంట ఇంకేమైనా కుట్ర పంపాడా అనిపించింది. అక్కకి తెలిసే తెచ్చిందా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు అసహ్యం వేసింది. అసహ్యం వేసినా అనిపించడం ఆగలేదు.

అక్క ఇంకా చూస్తోంది. నోరు తెరిచాను. తెలీదు అన్నాను.

నువ్వే తెలీదంటే ఎలారా అంది. డబ్బా మూసి, వాచీ బ్యాగులో వేసుకుని, ఆస్పత్రి పక్క వీధిలో రిపేర్ షాపుంది, వాళ్ళతో వేయించుకుంటాలే అంది. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

గ్రూపులో లింకులు పేరుకున్నాయి. ఎవరికీ ఏమీ రాయలేదు. చిన్నముల్లు ఆగిపోయిందా అని ఎవరో జోక్ వేశారు. నవ్వు మొహాల బొమ్మలు వరుసగా వచ్చాయి. వాటిలో వాడిది లేదు. ఉందేమో అని వెతికాను.

మా ఆవిడ బజారు నుంచి ఆలస్యంగా వచ్చింది. బస్సు దొరకలేదంది. ఏ బస్సు అన్నాను. నా వంక ఒకసారి చూసి సంచీ అక్కడే పెట్టి లోపలికెళ్ళిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

అక్క ఫోన్. వాచీ నడుస్తోందట, నిమిషం కూడా తేడా లేదట. తర్వాత, తిన్నావా అని అడిగింది.

ఎందుకడుగుతున్నావన్నాను.